మన సైట్‌కు ఎవరు వస్తున్నారు, ఏ నోటీసు పనిచేస్తోంది: లెక్క తీసే పద్ధతి

మన సంఘాల్లో చాలావాటికి ఇప్పుడు సొంత వెబ్‌సైట్ ఉంది, లేదా పెట్టుకునే ఆలోచన ఉంది. ఉగాది ఆహ్వానం, పిల్లల తెలుగు తరగతుల నమోదు, సభ్యత్వ రుసుము, విద్యార్థి వేతనాల ప్రకటన అన్నీ అందులోనే పెడుతున్నాం. సైట్ కట్టిచ్చే అబ్బాయి చివర్లో ఒక మాట అడుగుతాడు: "అంకుల్, ట్రాకింగ్ పెట్టమంటారా? ఏబీ టెస్టింగ్ కూడా పెట్టమంటారా?" పెద్దవాళ్లం తల ఊపేస్తాం. ఏమిటి పెట్టాడో, ఎవరి వివరాలు ఎక్కడికి వెళ్తున్నాయో మళ్లీ అడగం.

ఈ రెండు పనులూ ఏమిటో, మన సంఘాలకు ఎంతవరకు పనికొస్తాయో, ఎక్కడ జాగ్రత్త పడాలో చెప్పడానికే ఈ వ్యాసం. ఉద్యోగమంతా గుమాస్తాగా రిజిస్టర్లు రాసినవాణ్ణి కాబట్టి ఆ రిజిస్టర్ల భాషలోనే చెబుతాను.

క్లయింట్ లైబ్రరీ అంటే ఏమిటి

వెబ్‌సైట్ విషయంలో రెండు చివరలుంటాయి. ఒక చివర మన సమాచారం దాచిన కంప్యూటర్. దాన్ని సర్వర్ అంటారు. రెండో చివర చదివేవారి ఫోను; దాన్ని క్లయింట్ అంటారు. లైబ్రరీ అంటే ఎవరో ముందే రాసి సిద్ధంగా ఉంచిన ప్రోగ్రాం. చదివేవారి ఫోనులో నడిచే సిద్ధపు ప్రోగ్రాం కాబట్టి క్లయింట్ లైబ్రరీ అన్నారు.

సైట్ కట్టే అబ్బాయి చేసేది చిన్న పని. పేజీ పైభాగంలో రెండు మూడు వరసలు చేరుస్తాడు. పేజీ తెరిచినప్పుడల్లా ఆ వరసలు లైబ్రరీని తెచ్చుకుని ఫోనులో నడిపిస్తాయి. ఇక ఆఫీసు గుమ్మం దగ్గర ఇన్‌వర్డ్ రిజిస్టరు పట్టుకుని కూర్చున్న గుమాస్తా పని మొదలవుతుంది: ఎన్నింటికి వచ్చారు, ఏ పేజీ చూశారు, ఏ బొత్తం నొక్కారు అని రాసుకోవడం.

ఇలాంటి లైబ్రరీలు చాలా ఉన్నాయి. అందరికీ తెలిసింది గూగుల్ అనలిటిక్స్. 2005లో గూగుల్ అర్చిన్ అనే సంస్థను కొని, అదే ఏడాది నవంబరులో దీన్ని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. లెక్కలు మన సొంత సర్వర్‌లోనే ఉండాలనుకునేవారికి మటోమో ఉంది. లెక్కా పరీక్షా రెండూ ఒకే లైబ్రరీతో జరగాలంటే పోస్ట్‌హాగ్ లాంటివి ఉన్నాయి. గూగుల్ వారి పరీక్షల పరికరం ఆప్టిమైజ్ మాత్రం 2023 సెప్టెంబర్ 30న మూతపడింది. పాత పుస్తకం చూసి ఎవరైనా అది పెడతామంటే వద్దనండి.

రిజిస్టరులో ఏమి రాస్తుంది

మొదట మనిషికి ఒక నంబరు ఇస్తుంది. పేరు అడగదు. ఏదో ఒక పొడుగాటి అంకె తయారుచేసి ఫోనులో కుకీ అనే చిన్న చీటీలో దాస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు ఆ చీటీ చూసి "పాత మనిషే" అనుకుంటుంది. గూగుల్ అనలిటిక్స్ చీటీకి మామూలుగా రెండేళ్ల గడువు. ఆపిల్ ఫోన్లలోని సఫారీ మాత్రం ఇలా పేజీలోని ప్రోగ్రాం రాసిన చీటీలను ఏడు రోజులకే తీసేస్తుంది.

ఇక్కడే ఒక సంగతి గమనించాలి. ఆ నంబరు ఫోనుకు, మనిషికి కాదు. ఒకరే ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ చూస్తే ఇద్దరుగా లెక్క. మన ఇళ్లలో తాతగారి ఫోనులో మనవడు, కోడలు కూడా చూస్తారు. ముగ్గురూ కలిసి ఒక్కరుగా లెక్క. "ఈ నెల అయిదువందల మంది వచ్చారు" అని ఎవరైనా సర్వసభ్య సమావేశంలో చెబితే, "అయిదువందల చీటీలు" అని అర్థం చేసుకోండి.

తర్వాత సంఘటనలు రాస్తుంది. వీటిని ఈవెంట్లు అంటారు. పేజీ చూడటం ఒకటి, ఫారం తెరవడం ఒకటి, ఫారం పంపడం ఒకటి. కొన్నింటిని లైబ్రరీ తనంతట తానే రాసుకుంటుంది. ఉదాహరణకు గూగుల్ వారిది, పేజీని నూటికి తొంభై వంతుల కిందివరకు జరిపితే "స్క్రోల్" అని నమోదు చేస్తుంది. మిగిలినవి మనం చెప్పాలి.

ఈ పేర్ల విషయంలో ఫైళ్లకు తలకట్టు పెట్టినంత క్రమశిక్షణ కావాలి. ఒక పేజీలో "ఫారం పంపారు" అని, ఇంకో పేజీలో "నమోదు అయింది" అని పెడితే ఏడాది చివర రెండు లెక్కలు కలవవు. ముందే ఒక కాగితం మీద జాబితా రాసి కార్యవర్గం చూడాలి. చిన్న సంఘానికి ఈవెంట్లు మూడో నాలుగో చాలు. ఎవరూ చూడని లెక్కను రాయించడం వృథా, ప్రమాదం కూడా.

నమోదైన సంఘటనల్ని లైబ్రరీ కొన్నింటిని పోగుచేసి కట్టగా పంపగలదు, టపా సంచిలా. సిగ్నల్ లేకపోతే దాచి తర్వాత పంపే ఏర్పాటు కొన్నింటిలో ఉంది. ప్రకటనల్ని, ట్రాకింగ్‌ని అడ్డుకునే ప్రోగ్రాం వాడే పాఠకులు అసలు లెక్కలోకి రారు. కాబట్టి ఈ అంకెలెప్పుడూ ఇంచుమించు అంకెలే.

రెండు నోటీసుల పరీక్ష

ఇక రెండో పని. ఏబీ పరీక్ష అంటే ఒకే నోటీసును రెండు రకాలుగా రాసి, వచ్చేవారిలో సగం మందికి ఒకటి, మిగతా సగానికి రెండోది చూపించి, దేనివల్ల ఎక్కువమంది నమోదు చేసుకున్నారో చూడటం.

మనకు నిజంగా అక్కరకొచ్చే ఉదాహరణ తీసుకుందాం. హోసూరు వైపు, బళ్లారి వైపు, షోలాపూర్‌లో, బరంపురంలో మన ఇళ్లలో ఒక సమస్య ఉంది. మాట తెలుగే, కానీ బడిలో నేర్చిన లిపి వేరు. అమ్మానాన్నలు తెలుగు చక్కగా మాట్లాడతారు, తెలుగు అక్షరాలు మాత్రం కూడబలుక్కుని చదువుతారు. కొందరు అసలు చదవలేరు. యానాం వారికి ఈ చిక్కు లేదు. మిగతా చోట్ల సంఘం పిల్లల తెలుగు తరగతులకు నోటీసు పెట్టాలంటే కార్యవర్గంలో రెండు పక్షాలవుతాయి. "తెలుగు తరగతి నోటీసు తెలుగు లిపిలోనే ఉండాలి" అని ఒక పక్షం. "తెలుగు మాటనే తమిళ లిపిలోనో, కన్నడ లిపిలోనో, ఒడియా లిపిలోనో రాస్తేనే తల్లిదండ్రులకు చేరుతుంది" అని ఇంకో పక్షం. ఇద్దరి మాటా అనుభవం నుంచి వచ్చిందే. గట్టిగా మాట్లాడినవారి మాట నెగ్గించే బదులు పరీక్ష పెట్టి చూడొచ్చు.

లైబ్రరీ ఆ సగం-సగం పంపకం ఎలా చేస్తుందో చూడండి. మనిషి చీటీ నంబరునూ పరీక్ష పేరునూ కలిపి ఒక లెక్క కట్టి 0 నుంచి 99 లోపు అంకె ఒకటి తేలుస్తుంది. 50 కంటే తక్కువైతే మొదటి నోటీసు, లేకపోతే రెండోది. అదే నంబరుకు ఎప్పుడు లెక్క కట్టినా అదే అంకె వస్తుంది. అందుకే నిన్న తెలుగు లిపిలో చూసినావిడకు ఇవాళ కూడా తెలుగు లిపిలోనే కనిపిస్తుంది. పూటకో నోటీసు చూపిస్తే ఆవిడకూ గందరగోళం, మన లెక్కకూ గందరగోళం.

ఈ పంపకం చిట్టీలు తీసినట్టు ఉండాలనేది ముఖ్యం. పొద్దున వచ్చినవారికి ఒకటి, రాత్రి వచ్చినవారికి ఒకటి అని పెడితే కుదరదు. పొద్దున చూసేది రిటైరైన మనలాంటి వాళ్లం, రాత్రి చూసేది ఉద్యోగాలకు వెళ్లే తల్లిదండ్రులు. అప్పుడు తేడా నోటీసుదో మనుషులదో తేలదు.

ఈ ఆలోచన పొలంలో పుట్టింది

చిట్టీలు తీసి పంచే ఈ పద్ధతిని ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఆర్. ఎ. ఫిషర్ 1920లలో స్థిరపరిచాడు. ఏ మడికి ఏ ఎరువు వేయాలో మన ఇష్టానికి ఎంచితే మంచి నేలకే మంచి ఎరువు పడుతుంది. చిట్టీలు తీసి వేస్తేనే ఎరువు గుణం తెలుస్తుందన్నాడు. 1935లో ప్రయోగాల రూపకల్పన మీద పుస్తకమే రాశాడు.

ఆ ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసినవారు మన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు, సి. ఆర్. రావుగా ప్రపంచానికి తెలిసిన మనిషి. ఆయన 1920 సెప్టెంబర్ 10న హూవిన హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీ బళ్లారి జిల్లా, ఇప్పుడు కర్ణాటక. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం, కలకత్తాలో సంఖ్యాశాస్త్రం చదివారు. 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి అందుకుని, ఆ ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఈ లెక్కలు మనకు పరాయివి కావని పిల్లలకు చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు.

వెబ్‌సైట్లలో ఈ పద్ధతికి పేరు తెచ్చిన ఉదాహరణ అమెరికాలో బరాక్ ఒబామా మొదటి అధ్యక్ష ఎన్నికల ప్రచారం. సభ్యులుగా చేరమనే పేజీకి నాలుగు రకాల బొత్తాలు, ఆరు రకాల ఫొటోలూ వీడియోలూ కలిపి 24 రూపాలు తయారుచేశారు. మూడు లక్షల పైచిలుకు సందర్శకులకు పంచి చూపించారు. అంతకుముందున్న పేజీలో నూటికి 8.26 మంది చేరుతుంటే, కుటుంబం ఫొటో పెట్టి "ఇంకా తెలుసుకోండి" అనే బొత్తం ఉన్న పేజీలో నూటికి 11.6 మంది చేరారు. సిబ్బందికి బాగా నచ్చింది ఒక వీడియో. తీరా చూస్తే వీడియోలన్నీ ఫొటోలకంటే వెనకబడ్డాయి. అనుభవజ్ఞుల ఊహ కూడా తప్పవచ్చని ఆ లెక్క చూపించింది.

ఎంతమంది కావాలి

ఇక్కడే చిన్న సంఘాలు బోల్తాపడేది. నాణేన్ని పదిసార్లు ఎగరేస్తే అయిదు బొమ్మ, అయిదు బొరుసు పడాలని లేదు. ఏదో ఒకవైపు ఏడు లేదా అంతకంటే ఎక్కువసార్లు పడటం ఇంచుమించు మూడింట ఒకసారి జరుగుతుంది. అందులో నాణెం తప్పేమీ లేదు. అలాగే ఒక నోటీసు చూసి ఆరుగురు, ఇంకోటి చూసి తొమ్మిదిమంది చేరితే రెండోది మంచిదని చెప్పడానికి వీల్లేదు.

మామూలుగా వాడే ప్రమాణం ఇది: తేడా లేనప్పుడు ఉందనే పొరపాటు నూటికి అయిదుకు మించకూడదు, తేడా నిజంగా ఉంటే నూటికి ఎనభైసార్లు దొరకాలి. ఆ ప్రకారం లెక్క కడితే, ఒక నోటీసుతో నూటికి పదిమంది, ఇంకోదానితో నూటికి ఇరవైమంది చేరే తేడాను పట్టుకోవాలంటే ఒక్కో నోటీసుకు దాదాపు 200 మంది చూడాలి. తేడా పదికీ పన్నెండుకీ మధ్య మాత్రమే అయితే ఒక్కోదానికి దాదాపు 3,800 మంది కావాలి.

కాబట్టి బొత్తం ఎరుపా ఆకుపచ్చా అనే చిన్న తేడాల పరీక్షలు పెద్ద కంపెనీలకే సరి. నెలకు నాలుగైదు వందలమంది చూసే మన సైట్లకు లిపి మార్చడం, ఫారంలో పన్నెండు ప్రశ్నలకు బదులు నాలుగే అడగడం, తరగతి సమయాన్ని పైనే చెప్పడం లాంటి పెద్ద తేడాలే పరీక్షకు తగినవి. అంతకంటే తక్కువమంది వస్తుంటే పరీక్షే వద్దు. పదిమంది తల్లులకు ఫోను చేసి అడిగితే ఎక్కువ తెలుస్తుంది.

పరీక్ష పెట్టేముందు మినిట్స్‌లో రాయవలసినవి

1. అడిగే ప్రశ్న ఒకటే ఉండాలి. లిపి, ఫొటో, సమయం మూడూ ఒకేసారి మారిస్తే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు.

2. గెలుపు దేన్నంటామో ముందే రాయాలి. "ఫారం పంపారు" అనేదే గెలుపు అనుకుంటే, తర్వాత "ఎక్కువసేపు చూశారు కదా" అని మాట మార్చకూడదు.

3. ముగిసే తేదీ ముందే నిర్ణయించాలి. రోజూ చూసి, మనకు నచ్చింది ముందున్న రోజున ఆపేస్తే నూటికి అయిదు అనుకున్న పొరపాటు ఎన్నో రెట్లవుతుంది. వారం రోజుల అలవాట్లు వేరువేరు కాబట్టి పూర్తి వారాలు నడపాలి.

4. ఎవరికి ఏ నోటీసు కేటాయించారన్నది కాక, ఎవరు నిజంగా చూశారన్నది నమోదు కావాలి. పేజీ పైనుంచే వెళ్లిపోయి కింది నోటీసు చూడనివారిని కలిపితే లెక్క పలచబడుతుంది.

5. పంపకం సరిచూసుకోవాలి. వెయ్యిమంది వస్తే అటూ ఇటూ అయిదువందల దగ్గర్లో ఉండాలి. నాలుగువందలు, ఆరువందలు అని వస్తే లైబ్రరీ అమరికలో ఏదో తేడా ఉంది. ఆ ఫలితాన్ని నమ్మకూడదు.

6. లైబ్రరీ తెరుచుకోకపోతే ఏ నోటీసు కనిపించాలో అబ్బాయికి ముందే చెప్పాలి. ఖాళీ పేజీ కనిపించకూడదు. ఒక నోటీసు తళుక్కున కనిపించి ఇంకోదిగా మారడం కూడా జరగకూడదు.

7. పరీక్ష అయ్యాక ఓడిన రూపాన్నీ దాని వరసల్నీ తీసేయించాలి. ఫలితం మినిట్స్‌లో రాయాలి, తేడా తేలకపోతే తేలలేదనే రాయాలి.

పిల్లలు, అంగీకారం, చట్టం

2012 జనవరిలో ఫేస్‌బుక్ ఒక వారంపాటు 6,89,003 మందికి కనిపించే పోస్టుల్లో సంతోషపు మాటలున్నవో, విచారపు మాటలున్నవో తగ్గించి, వాళ్ల రాతలు ఎలా మారతాయో చూసింది. 2014లో ఆ పరిశోధన బయటికి వచ్చాక పెద్ద దుమారం లేచింది. ఆ మనుషులెవరికీ తాము పరీక్షలో ఉన్నామని చెప్పలేదు. నోటీసు లిపి మార్చడం వేరు, మనుషుల మనసు మీద ప్రయోగం వేరు. ఆ గీత మన సంఘాలు దాటకూడదు.

మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. అందులో మనకు సంబంధించినవి మూడు.

ఒకటి, వివరాలు తీసుకునేముందు ఏమి తీసుకుంటున్నారో, ఎందుకో చెప్పి అంగీకారం అడగాలి. ఇచ్చినంత తేలిగ్గా ఆ అంగీకారాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలి. కాబట్టి చదివేవారు "సరే" అన్నాకే లైబ్రరీ నడిచేలా పెట్టమనండి. చాలా లైబ్రరీల్లో ఆ ఏర్పాటు ఉంది.

రెండు, 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే చూస్తుంది చట్టం. వారి వివరాలకు తల్లిదండ్రుల అంగీకారం కావాలి. కొన్ని మినహాయింపులు తప్ప పిల్లల కదలికల్ని ట్రాక్ చేయడం, వారిని గురిపెట్టి ప్రకటనలివ్వడం నిషేధం. జరిమానా 200 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. తల్లిదండ్రులు చూసే నమోదు పేజీలో లెక్క తీయండి. పిల్లలు పాఠాలు చదివే పేజీల్లో లైబ్రరీ పెట్టనే వద్దు.

మూడోది మనందరికీ ముఖ్యం. ఆ నోటీసును ఇంగ్లీషులో గానీ, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఏదో ఒకదానిలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. తెలుగు ఆ 22 భాషల్లో ఒకటి. చెన్నైలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా, భివండిలో ఉన్నా ఆ హక్కు మనతోనే వస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఈవెంటుతో పాటు అదనపు వివరాలు పంపే సౌకర్యం లైబ్రరీల్లో ఉంటుంది. తెలియక ఫోను నంబరో, పిల్ల పేరో అందులో చేర్చేస్తారు. గూగుల్ అనలిటిక్స్ నియమాలు కూడా దాన్ని ఒప్పుకోవు. పేరు, ఫోను, ఆధార్, కులం ఈ నాలుగూ ఏ ఈవెంటులోనూ వెళ్లకూడదని అబ్బాయి చేత రాయించుకోండి. పాస్‌వర్డు కూడా సంఘం పేరు మీదే ఉండాలి. అబ్బాయి ఉద్యోగం మారి వెళ్లిపోతే లెక్కలన్నీ ఆయనతో వెళ్లిపోకూడదు.

మన ఫోను మన భాష చెబుతోందా

మనం కూడా ఎవరో రాసే రిజిస్టరులో ఒక వరసగా ఉన్నాం. ఏ సైట్ తెరిచినా మన ఫోను తన భాష ఏమిటో చెబుతుంది. ఫోను తమిళంలోనో ఇంగ్లీషులోనో పెట్టుకుంటే ఆ వరసలో తమిళమో ఇంగ్లీషో పడుతుంది. చాలా లెక్కలు మొదటి భాషనే చూస్తాయి. ఒక బ్యాంకు తన యాప్‌లో తెలుగు ఉంచాలా తీసేయాలా అని ఆలోచించేటప్పుడు, ఫలానా రాష్ట్రంలో ఎంతమంది తెలుగు ఎంచుకున్నారన్న లెక్క ముందుకొస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఫోనులో ఇంగ్లీషు అయితే ఆ లెక్కలో మనం లేము. ఫోను సెట్టింగుల్లో భాషల జాబితాకు తెలుగు చేర్చండి. వీలైతే మొదట పెట్టండి. యాప్ తెలుగులో ఉంటే ఒక్కసారైనా అది ఎంచుకోండి.

చివరగా ఒక మాట. పరీక్షలో స్థానిక లిపి నోటీసే గెలిచిందనుకుందాం. తెలుగు లిపి వదిలేయాలని దాని అర్థం కాదు. తల్లిదండ్రులు గుమ్మం దాకా ఏ దారిలో వస్తారో ఆ లెక్క చెప్పింది, అంతే. లోపలికి వచ్చిన పిల్లవాడికి ఏమి నేర్పాలో సంఘం నిర్ణయించుకోవాలి. వచ్చిన ఏడాదికి వాడు తెలుగులో తన పేరు రాయగలిగాడా అన్నది తరగతిలో పలక చూసి తెలుసుకోవాలి. ఆ లెక్క ఏ లైబ్రరీ తీయదు; టీచరు హాజరు పట్టీ పక్కన మనమే రాసుకోవాలి.

ఈ విషయంలో ఇప్పటికే పరీక్ష పెట్టి చూసిన సంఘాలుంటే, గెలిచినా గెలవకపోయినా ఫలితం తోటి సంఘాలకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. ఒక్కో ఊళ్లో మనవారు కొద్దిమందే కావచ్చు. నాలుగు ఊళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టుకుంటే దారి కాస్త స్పష్టంగా కనిపిస్తుంది.